నాడా కొట్టిన మర్నాడు

ధవళేశ్వరం దిగువన గోదావరి డెల్టాలో చాలా ఊళ్ల కూడళ్లలో, అక్కడి ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ విగ్రహం కనిపిస్తుంది. కొన్నిచోట్ల ఆయన నిలబడి ఉంటాడు, కొన్నిచోట్ల గుర్రం మీద ఉంటాడు. ఆనకట్ట పని సాగిన 1847–1852 మధ్య ఈ లంకల్లో, గట్ల మీద కొలతలకు తిరగాలంటే గుర్రమో, పడవో, కాలినడకో తప్ప మరో దారి లేదు. ఆ తర్వాత చాలాకాలం రాజమండ్రి, కాకినాడ, ఏలూరు వీధుల్లో జట్కాలు నడిచాయి. రైలు దిగినవాళ్లను, సామానుతో సహా, ఇళ్లకు చేర్చింది అవే. ఇప్పుడు పెళ్లి ఊరేగింపుల్లోనో, పందేల్లోనో తప్ప గుర్రం ఎదురుపడడం అరుదు. దేశమంతా ఇంతే. 2019 పశుగణనలో గుర్రాలు, పొట్టిగుర్రాలు కలిపి లెక్కకు వచ్చినవి 3.4 లక్షలే. 2012 నాటి లెక్కతో పోలిస్తే 45 శాతానికి పైగా తగ్గాయి.

గుర్రం తగ్గినా నాడా పోలేదు. డెల్టాలో ఇనుము ఎక్కువగా తొడుక్కున్నది ఎద్దు కాలు. దమ్ము చేసే రోజుల్లో ఎద్దుకు నాడాతో పనిలేదు, మెత్తటి బురదలో గిట్ట అరగదు. కోతలయ్యాక పనలు కళ్ళానికి చేరాలి, ధాన్యం మిల్లుకు పోవాలి, దింపు తీసిన కొబ్బరికాయలు రాశికి చేరాలి, ఏటి నుంచి ఇసుక రావాలి. అప్పుడు పుంత దాటి తారురోడ్డు ఎక్కక తప్పదు. బరువు బండి లాగుతూ కంకర మీద నడిచే ఎద్దుకు గిట్ట పెరిగేదానికన్నా అరిగేది ఎక్కువ. ఎద్దు గిట్ట నెలకు పెరిగేది సుమారు 5 మిల్లీమీటర్లు. రోడ్డు మీద అరుగుదల అంతకు మించితే అడుగు పలచబడి, రాయి మీద కాలు పెట్టిన ప్రతిసారీ ఒత్తుకుంటుంది. నాడా కొట్టించేది అందుకే, కుంటకుండా ఉండడానికి.

ఆ నాడా వల్లే ఒక్కోసారి పశువు కుంటుతుంది. “ఆయ్, నిన్నటిదాకా బాగానే నడిచిందండి, నాడాలు కొట్టించాకే ఇలాగయ్యింది” అన్నమాట పశువైద్యశాలల్లో కొత్త కాదు. ఆ మాటలో సగం జబ్బు వివరం ఉంది. నాడా కొట్టి ఎంతసేపైంది, కుంటు ఎప్పుడు మొదలైంది, ఏ కాలు అన్న మూడూ సరిగ్గా చెప్పగలిగితే గిట్ట లోపల ఏం జరిగిందో బయటినుంచే చాలావరకు ఊహించవచ్చు.

ముందు గిట్ట ఎలా ఉంటుందో చూడాలి. గుర్రం నడిచేది ఒక్క వేలి మీద. ఆ వేలి చివరి ఎముక చుట్టూ కట్టిన గోరే గిట్ట. ఎద్దు రెండు వేళ్ల మీద నడుస్తుంది కనుక ఒక్కో కాలికి రెండు గిట్టలు. పైనుంచి చూస్తే గోడలా కనిపించే గట్టి భాగంలో నరాలు లేవు, రక్తం లేదు. దానికి మేకు కొట్టినా పశువుకు తెలియదు. ఆ గోడకు లోపల, ఎముకను అంటిపెట్టుకుని, రక్తనాళాలు, నరాలు నిండిన సున్నితమైన పొర ఉంటుంది. గుర్రం గిట్టలో ఈ పొర సుమారు 600 నిలువు మడతలుగా ఉండి గోడ లోపలి మడతలతో ఒకదానిలో ఒకటి ఇమిడిపోతుంది. గుర్రం బరువంతా ఈ మడతల పట్టు మీదే వేలాడుతుంది. కింద ఉన్న అడుగు మీద నేరుగా పడదు.

గిట్టను తిరగేసి, ఉలితో పైమట్టి చెక్కి చూస్తే గోడకీ అడుగుకీ మధ్య సన్నటి పాలిపోయిన గీత ఒకటి కనబడుతుంది. దాన్ని తెల్లగీత అంటారు. నాడాలు కొట్టే మనిషికి అదే సరిహద్దు. మేకు ఆ గీతకు బయటే మొదలవ్వాలి, గోడలోనే పైకి నడవాలి, గుర్రం గిట్టలో అయితే అంచు నుంచి సుమారు 2 సెంటీమీటర్ల ఎత్తున బయటికి పొడుచుకు రావాలి. అలా వచ్చిన మొనను తుంచి, మిగిలిన ముక్కను కిందికి మడిచి, ఆకురాయితో నున్నగా చేస్తారు. గుర్రం గిట్ట ముందు భాగంలో గోడ మందం సుమారు ఒక సెంటీమీటరు. పక్కలకు, మడమ వైపుకు పోయేకొద్దీ పలచబడుతుంది. ఎద్దు గిట్ట గోడ ఇంకా పలచన. పైగా రెండు గిట్టలూ ఒకదానికొకటి ఎదురుగా ఉన్న లోపలి వైపు గోడ మరీ సన్నం, అందుకే అక్కడ మేకు కొట్టరు. ఉన్న మేకులన్నీ బయటి వైపే పడాలి. ఇన్ని ఇరుకుల మధ్య సుత్తి పడుతున్నప్పుడు చెయ్యి రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు పోవడం పెద్ద విషయం కాదు. దాని ఫలితం మాత్రం పెద్దదే.

గుర్రపు మేకును చేతిలోకి తీసుకుని చూస్తే దాని తెలివి అర్థమవుతుంది. మొన దగ్గర ఒక పక్క ఏటవాలుగా చెక్కి ఉంటుంది. ఆ ఏటవాలు లోపలి వైపు ఉండేలా పెట్టి కొడితే, మేకు గోడలోకి దిగేకొద్దీ దానంతటదే బయటికి వంగుతుంది. ఏ పక్క లోపలికి ఉండాలో చీకట్లో వేలితో తడిమినా తెలిసేలా తల మీద ఒక గుర్తు కూడా వేస్తారు. తిరగేసి పెడితే అదే ఏటవాలు మేకును లోపలికి, పచ్చి మాంసంలోకి నడిపిస్తుంది. చేయి తిరిగిన మనిషి కన్ను కన్నా చెవిని ఎక్కువ నమ్ముతాడు. గట్టి గోరులో దిగుతున్న మేకు ప్రతి దెబ్బకూ గట్టిగా, ఖంగున పలుకుతుంది. మెత్తటి చోటికి పోతే ఆ చప్పుడు బొంగురుపోతుంది, సుత్తికి అడ్డం తగ్గుతుంది. అక్కడే ఆపి, మేకు బయటికి లాగి, మొన చూడాలి.

ఎద్దుకు నాడా కొట్టడం గుర్రానికి కొట్టినట్టు కాదు. గుర్రం మూడు కాళ్ల మీద నిలబడి నాలుగో కాలు మనిషి చేతికి ఇస్తుంది. ఎద్దు అలా నిలబడదు. అందుకే తాడు వేసి పడేస్తారు. చెట్టునీడలో, గడ్డి ఉన్న చోట, కొమ్ముల దగ్గర ఒకరు పట్టుకుంటే, నడుముకూ కాళ్లకూ తాడు తిప్పి లాగేసరికి ఎద్దు మోకాళ్ల మీదికి వచ్చి పక్కకు ఒరుగుతుంది. నాలుగు కాళ్లూ ఒకచోట చేర్చి కట్టి, కర్ర దన్ను పెట్టి, గిట్టల అడుగులు పైకి కనబడేలా ఉంచుతారు. తర్వాత పని చకచకా సాగుతుంది. ఉలితో అడుగు చదును చేయడం, పలచటి ఇనుప బిళ్లను గిట్టకు ఆనించి చూడడం, వంపు సరిపోకపోతే సుత్తితో సరిచేయడం, మేకులు దిగ్గొట్టడం, మొనలు తుంచి మడవడం. ఒక్కో కాలికి రెండు చొప్పున ఎనిమిది బిళ్లలు. ఇదంతా అయ్యేదాకా పశువు కట్లలోనే పడి ఉంటుంది. కాళ్లు కట్టేసి ఉన్నాయి కనుక మేకు పచ్చిలో దిగినా కాలు లాక్కోలేదు. గుర్రమైతే అదే క్షణంలో కాలు విదిలించి చెప్పేస్తుంది. ఎద్దు ఒళ్లు ఒక్కసారి జలదరిస్తుంది, కళ్లు పెద్దవవుతాయి, అంతే. ఎలాగూ కట్లు ఇష్టంలేక గింజుకుంటూనే ఉంది కాబట్టి ఆ తేడాను కనిపెట్టడానికి పక్కన నిలబడ్డ యజమాని కళ్లు కావాలి. కాసేపు బీడీ కాల్చుకుందామని పక్కకు వెళ్లే సమయం కాదది.

లేచి నిలబడగానే కుంటిందంటే రెండే అనుమానాలు. ఒకటి, మేకు నేరుగా పచ్చిలో దిగింది. రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు, అది గిట్టలో ఉండదు. గట్టినేల మీద బరువైన పశువును పక్కకు పడేసి ఎక్కువసేపు ఉంచితే కిందపడిన వైపు భుజం దగ్గర నరం నలుగుతుంది. లేచాక ముందుకాలు ముందుకు చాచలేదు, మోచేయి కిందికి జారినట్టు కనిపిస్తుంది, గిట్ట ముందు అంచు నేలకు రాసుకుంటుంది. అప్పుడు నాడాలన్నీ ఊడబీకినా ఉపయోగం లేదు. ఇసుక మీదో గడ్డి పరుపు మీదో పడేసి, పని తొందరగా ముగించి ఉంటే చాలావరకు తప్పేది. కడుపు నిండా మేసిన పశువును పడేస్తే పొట్ట ఉబ్బరించే ప్రమాదం కూడా ఉంది, అందుకే ఉదయాన్నే మేత పెట్టకముందు కొట్టించడం మంచిది.

ఒకటి రెండు రోజుల తర్వాత మొదలయ్యే కుంటు వేరు. మేకు పచ్చిలోకి పోలేదు, దానికి మరీ దగ్గరగా పోయింది. గోరు వంగదు, ఇనుము వంగదు. మధ్యలో చిక్కిన సున్నితపు పొర అడుగు పడిన ప్రతిసారీ నొక్కుకుంటుంది. మొదటిరోజు తెలియకపోవచ్చు, బండి కట్టాక తెలుస్తుంది. ఈ దశలోనే ఆ ఒక్క మేకు లాగేస్తే చాలాసార్లు పశువు మర్నాటికే మామూలుగా నడుస్తుంది. నాడా లోపలి అంచు అడుగును ఒత్తినా, అడుగును ఎక్కువగా చెక్కేసినా ఇలాగే కుంటుతుంది. గిట్ట శుభ్రంగా, తెల్లగా కనబడాలని ఉలి ఆపకుండా చెక్కే అలవాటు కొందరికి ఉంది. బొటనవేలితో గట్టిగా నొక్కినప్పుడు అడుగు లోపలికి దిగుతోందంటే చెక్కుడు హద్దు దాటినట్టే. అలాంటి గిట్టకు ఆ రోజు నాడా కొట్టకూడదు.

మూడోరోజు తర్వాత, వారం లోపు, కొన్నిసార్లు ఇంకా ఆలస్యంగా వచ్చే కుంటు అన్నిటికన్నా బాధాకరం. పచ్చిలోకి పోయిన మేకు తనతో పాటు మట్టినీ పేడనీ మోసుకెళ్లింది. లోపల చీము పడుతుంది. ఒంట్లో మరెక్కడైనా గడ్డ లేస్తే చర్మం సాగి దానికి చోటిస్తుంది. గిట్టలో ఆ వీలు లేదు. చుట్టూ గట్టి గోరు, వెనక ఎముక. చుక్క చీముకు కూడా చోటు లేక ఒత్తిడి పెరుగుతుంది. నిన్నటిదాకా కాస్త తడబడిన గుర్రం ఇవాళ ఆ కాలు నేలకు ఆనించదు, కాలు విరిగిందేమో అనిపించేంతగా. చీముకు కిందనుంచి దారి చూపకపోతే అది గోడ వెంట పైకి పాకి, వెంట్రుకలు మొదలయ్యే అంచు దగ్గర పగులుతుంది.

ఎద్దులో ఇంకో భయం ఉంది. గిట్టలోని కీలు, దాని వెనకున్న స్నాయువు తొడుగు, సున్నితపు పొరకు ఎంతో దూరంలో ఉండవు. చీము అక్కడికి చేరితే కీలే పోతుంది. ఆ స్థితిలో కొన్నిసార్లు ఒక గిట్టను తొలగించాల్సి వస్తుంది. రెండు వేళ్లుండడం ఎద్దు అదృష్టం, మిగిలిన గిట్ట మీద నడవగలదు. ఇదే ఉపాయాన్ని కోత లేకుండా కూడా వాడతారు. బాగున్న గిట్ట అడుగున చెక్క దిమ్మ ఒకటి అంటిస్తే నొప్పి ఉన్న గిట్ట నేలను తాకకుండా గాల్లో ఉంటుంది, గాయం మానేదాకా విశ్రాంతి దొరుకుతుంది. గుర్రానికి ఆ అవకాశం లేదు. ఉన్నది ఒక్క వేలు.

ఏ కాలు కుంటుతోందో చెప్పడం అనుకున్నంత తేలిక కాదు. గుర్రాన్ని గట్టినేల మీద నెమ్మదిగా పరుగెత్తించి తల చూడాలి. నొప్పి ఉన్న ముందుకాలు నేలకు తాకేటప్పుడు తల పైకి లేస్తుంది, మంచికాలు తాకేటప్పుడు కిందికి వంగుతుంది. వంగిన వైపే కుంటనుకుని మంచికాలు నాడా ఊడదీసే పొరపాటు తరచూ జరుగుతుంది. వెనక కాలైతే తల కాదు, పిర్ర చూడాలి. నొప్పి ఉన్న వైపు పిర్ర ఎక్కువగా ఎగసిపడుతుంది. ఎద్దుల జతలో కాడి చెబుతుంది. దాపల ఎద్దుకు నొప్పి ఉంటే అది వెనకబడి కాడి ఏటవాలుగా తిరుగుతుంది, తోలేవాడు ముల్లుగర్ర తీస్తాడు, తీయకూడదు. పాకలో నిలబడినప్పుడు చూడడం ఇంకా మంచిది. రెండు ముందుకాళ్లలోనూ లోపలి గిట్టలు నొప్పి పెడుతుంటే ఎద్దు కాళ్లు రెండూ కత్తెరలా అడ్డంగా వేసి నిలబడుతుంది. బరువు బయటి గిట్టల మీదికి నెట్టుకోవడానికి అది వేసుకున్న ఎత్తు అది.

తర్వాత చెయ్యి పని. రెండు కాళ్ల గిట్టలనూ ఒకేసారి రెండు అరచేతులతో తాకి వేడి పోల్చాలి. గిట్టకు పైనున్న కీలు వెనక పక్కన వేళ్లు పెడితే మామూలుగా అందీఅందనట్టుండే నాడి, లోపల వాపు ఉన్నప్పుడు గట్టిగా కొట్టుకుంటుంది. ఆ తర్వాత పట్టకారుతో గిట్టను కొంచెం కొంచెంగా నొక్కుతూ పోవాలి. ఏ మేకు దగ్గర పశువు కాలు లాక్కుందో అదే ముద్దాయి. నాడాను ఒక్క ఊపున పెరికెయ్యకుండా మేకులు ఒక్కొక్కటిగా లాగి, ఏది ఎక్కడిదో తెలిసేలా వరసగా పేర్చి చూడాలి. మంచి మేకు పొడిగా వస్తుంది. చెడిపోయినదాని మొన మీద తడి ఉంటుంది, రక్తపు చార గానీ నల్లటి నీరు గానీ అంటుకుని ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్లు వాసన వస్తుంది. పశువైద్యుడు రంధ్రాన్ని కిందినుంచి పెద్దది చేయగానే ఆ నల్లటి నీరు జారుతుంది, దానితోనే నొప్పి సగం తగ్గుతుంది. ఎన్నో గంటలుగా కాలు మోపని గుర్రం కాసేపటికి బరువు మోపడం మొదలుపెడుతుంది.

ఆపైన చేయాల్సింది సాదా పనే. గోరువెచ్చటి నీళ్లలో మెగ్నీషియం సల్ఫేట్ కలిపి కాలు నానబెట్టడం, అయొడిన్ మందుతో కడగడం, కట్టుకట్టి పొడినేల మీద ఉంచడం. గాయంలో కిరోసిన్, కాగిన నూనె పోసే అలవాటు మానాలి. అవి ఉన్న కండను కాల్చి చీము దారిని మూసేస్తాయి. నొప్పి తగ్గించే సూదిమందు వేయించి మర్నాడే బండి కట్టడం ఇంకా చెడ్డపని. నొప్పి లేదు కాబట్టి పశువు గాయం మీద పూర్తి బరువు వేస్తుంది. ఏ మందు వేస్తున్నారన్నదీ ముఖ్యమే. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లోనే నిషేధించారు, ఆ మందు ఒంట్లో ఉన్న కళేబరాలు తిని దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా ఆ జాబితాలో చేరాయి. మెలాక్సికామ్ లాంటి సురక్షితమైన మందులు ఉండగా పాత సీసాల జోలికి పోవాల్సిన అవసరం లేదు.

గుర్రం విషయంలో ధనుర్వాతం టీకా మరిచిపోవడానికి వీల్లేదు. ఆ సూక్ష్మజీవి మట్టిలో, గుర్రపు లద్దెలో ఉంటుంది. గాలి ఆడని లోతైన సన్న గాయమే దానికి ఇష్టమైన చోటు, మేకు చేసిన రంధ్రం సరిగ్గా అలాంటిదే. పెంపుడు జంతువుల్లో ఈ జబ్బుకు గుర్రమంత తేలిగ్గా లొంగేది మరొకటి లేదు. సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల్లో చెవులు నిక్కబొడుచుకుంటాయి, తోక లేచి బిగుస్తుంది, కంటి మూలనుంచి మూడో రెప్ప అడ్డంగా పరుచుకుంటుంది, కాళ్లు చెక్కతో చేసినట్టు బిర్రబిగుసుకుపోతాయి. అప్పటికి గిట్ట గాయం మానిపోయి ఉండొచ్చు, యజమాని దాన్ని మరిచిపోయి కూడా ఉండొచ్చు. టీకా ఖర్చుతో పోలిస్తే ఈ జబ్బుకు చికిత్స ఖర్చు ఎక్కువ, ఆశ తక్కువ.

నాడా కొట్టాక వచ్చిన ప్రతి కుంటుకూ నాడాయే కారణమని తీర్పు చెప్పడమూ న్యాయం కాదు. నోట సొంగ, నాలుక మీద పుండ్లు, ఒకటికి మించి కాళ్లలో కుంటు ఉంటే అది గాలికుంటు. వర్షాకాలంలో ఉన్నట్టుండి కుంటి, భుజమో తొడో వాచి, వాపు మీద నొక్కితే కరకరమంటే అది జబ్బవాపు. అది ముఖ్యంగా వయసులో ఉన్న పశువులకు వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది. అక్కడ మేకులు లాగుతూ కూర్చుంటే పశువు దక్కదు. గిట్టల సందున కుళ్లిన వాసన వస్తే అది బురద తెచ్చిన పుండు.

డెల్టాకు ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది ఇంకొకటి ఉంది. నాడాలు కొట్టించే కాలం, కళ్ళంలో ధాన్యపు రాశులుండే కాలం ఒకటే. రాత్రి కట్టు తెంపుకుని రాశి మీద పడి కడుపునిండా వడ్లు తిన్న ఎద్దు మర్నాడు మేత ముట్టదు, పొట్టలో ఆమ్లం పెరుగుతుంది. దాని విషప్రభావం గిట్టలోని సున్నితపు పొరల దాకా పోతుంది. కొద్దిరోజుల్లో నాలుగు కాళ్లూ నొప్పి పెడతాయి, పశువు నిప్పుల మీద నడిచినట్టు నడుస్తుంది. నాలుగు కాళ్లూ ఒకేసారి కుంటుతుంటే నాడాలు కొట్టిన మనిషిని కాదు, ఆ రాత్రి కాపలా ఉన్నవాణ్ణి అడగాలి.

డెల్టా నేల మరో రకంగానూ ఈ పనిని కష్టం చేస్తుంది. సార్వా, దాళ్వా రెండు పంటల దమ్ముల్లోనూ రోజుల తరబడి నీళ్లలో నానిన గిట్ట మెత్తబడుతుంది. మెత్తబడిన గోరు మేకును పట్టి ఉంచదు, అది ఎటు తిరుగుతోందో చప్పుడుతో తెలియనివ్వదు. దమ్ము దిగిన వెంటనే కాకుండా, కొన్నాళ్లు పొడినేల మీద కట్టేసి గిట్ట ఆరాక కొట్టిస్తే నాడా నిలుస్తుంది, ప్రమాదం తగ్గుతుంది. దున్నపోతుల విషయంలో ఇది మరీ ముఖ్యం, వాటికి నీళ్లూ బురదా వదిలి ఉండడమే తెలియదు. ఎండిన నేలలున్న జిల్లాల్లో పనికొచ్చే లెక్క ఇక్కడ యథాతథంగా పనికిరాదు.

గుర్రాల కాళ్ల సంగతి తెలిసినవాళ్లు లేకపోతే ఏమవుతుందో ఏడు వందల ఏళ్ల కిందటే ఒక యాత్రికుడు రాసిపెట్టాడు. 13వ శతాబ్దం చివర దక్షిణాది తీరాలు చూసిన మార్కోపోలో, మోటుపల్లి రేవు సంగతులతో పాటు, దాని దక్షిణాన ఉన్న మాబార్ రాజులు ఏటా వేల గుర్రాలు కొంటారనీ, అవి చూసుకునేవాళ్లు లేక చచ్చిపోతాయనీ రాశాడు. గుర్రాలు తెచ్చి అమ్మే వర్తకులు గుర్రపు వైద్యం, నాడాల పని తెలిసినవాళ్లను అక్కడికి రానివ్వరట. పాతవి చస్తేనే కదా కొత్తవి అమ్ముడయ్యేది. తెలుగులో మనుమంచి భట్టు ‘హయలక్షణ విలాసం’ లాంటి అశ్వశాస్త్ర గ్రంథాలు తర్వాత వచ్చాయి, మద్రాసు పశువైద్య కళాశాల 1903లో మొదలైంది, మద్రాసు ప్రెసిడెన్సీలోనే అప్పట్లో గోదావరి జిల్లా ఉండేది. పుస్తకంలో చదువు వైద్యుడికి చేరింది. చేతిలో ఉండాల్సిన పని మాత్రం రోడ్డుపక్క చెట్ల కిందే, తండ్రి నుంచి కొడుక్కి, చూసి నేర్చుకోవడంగానే మిగిలింది. ఈ రెండూ కలిసి కూర్చున్న సందర్భాలు తక్కువ. అది పశువులకు జరిగిన అన్యాయం.

ఇప్పుడా చేతులు కూడా తగ్గుతున్నాయి. ట్రాక్టరు, కోత మిషను వచ్చాక డెల్టాలో ఎద్దుల జతలు పలచబడ్డాయి. రోజుకు పది జతలకు కొట్టే మనిషికి ఉండే సూటి, నెలకు రెండు జతలకు కొట్టేవాడికి ఉండదు. ఉన్న కాస్త పశువులకు పాత చేతులు దొరక్క, వచ్చీరాని చేతులకు చిక్కడమే అసలు ప్రమాదం. మరోవైపు హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులో గుర్రాలకు తేలికైన అల్యూమినియం నాడాలు, రోజూ కాళ్లు తడిమి చూసే మనుషులు, పిలిస్తే వచ్చే వైద్యులు ఉన్నారు. పిఠాపురం సంతలో చేతులు మారే ఎద్దుకు కూడా గిట్ట గోడ మందం మిల్లీమీటర్లలోనే ఉంటుంది, దాని నొప్పి కూడా నొప్పే. పశుసంవర్ధక శాఖ కృత్రిమ గర్భధారణకు ఊళ్లలో యువకులకు శిక్షణ ఇచ్చినట్టే, నాడాలు కొట్టేవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి కోసి చూపిన గిట్ట ఒకటి చేతికిస్తే, వాళ్లకు ఇన్నాళ్లూ చప్పుడుతో తెలిసింది కంటికి కనిపిస్తుంది. అంతకన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేసే శిక్షణ ఊహించడం కష్టం.

ఇందులో నాడాలు కొట్టే మనిషి ఒక్కడినే దోషిగా నిలబెట్టడం సరికాదు. ఎంత చేయితిరిగినవాడికైనా మేకు ఎప్పుడో ఒకప్పుడు లోపలికి పోతుంది. పోయినప్పుడు మాట్లాడకుండా దాన్ని లాగి, పక్క రంధ్రంలో ఇంకో మేకు కొట్టి, కూలి తీసుకుని వెళ్లిపోవడం అసలు తప్పు. “బాబుగారూ, ఎడమ ముందుకాలు, బయటి గిట్ట, రెండో మేకు లోపలికి పోయిందండి, మందు వేయించండి” అని ఆ క్షణాన చెప్పిన మనిషి ఎద్దును కాపాడినట్టే. అప్పుడే రంధ్రం కడిగి, అయొడిన్ పోసి, ఆ మేకు స్థానం ఖాళీగా వదిలేసి, రెండు మూడు రోజులు పాకలో పొడిగా ఉంచితే చాలావరకు చీము పట్టదు. అలా చెప్పినవాడి కూలి కోయకుండా ఇచ్చే యజమానులుంటేనే అలా చెప్పేవాళ్లు మిగులుతారు. కుంటుతున్న పశువుతో పని చేయించడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం కూడా. ఆంధ్రప్రదేశ్‌లో 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది, మేకు లాగడానికి ఊరు దాటి నడిపించుకుపోవాల్సిన పని లేదు.

మేకు పోయిన దారి గోరులో మచ్చగా ఉండిపోతుంది. గోడ పైనుంచి కిందికి పెరుగుతుంది కనుక ఆ రంధ్రం కూడా నెలనెలా కిందికి జరుగుతుంది. గుర్రం గిట్ట నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది, ముందు భాగం పూర్తిగా కొత్తది కావడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. చీము పూర్తిగా ఆగి, అడుగు గట్టిపడి, పట్టకారుతో నొక్కినా పశువు కదలనప్పుడే మళ్లీ నాడా గురించి ఆలోచించాలి. అప్పుడు కూడా పాత రంధ్రాన్ని వదిలి, మిగిలిన మేకులతోనే సరిపెట్టాలి. ఆలోగా ఎద్దును తారురోడ్డు ఎక్కించకుండా చేలో తేలికపనికి వాడుకోవచ్చు, మెత్తటి నేల మీద దానికి నాడా అక్కర్లేదు.